తలుపు బయట చెప్పిన కథ

"పేరు చెప్పండి. పేరు విన్నాకే సంతకం."

ఆ మాట అని మంచం మీది మనిషి కళ్ళు మూసుకుంది. జుట్టు ఊడిన తల మీద ఆసుపత్రి టోపీ, ముఖానికి మాస్కు. మధ్యలో కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. మూసుకున్నా ఆ కళ్ళు ఎవరినీ నమ్మడం లేదని తెలుస్తూనే ఉంది.

ఆమె దర్జీ పని చేసి ఒక్కగానొక్క కూతుర్ని చదివించింది. ఆ కూతురిని యూనివర్సిటీ ల్యాబులో అందరూ చీమ అని పిలిచేవాళ్ళు. పొద్దస్తమానం ఏదో ఒకటి మోస్తూ తిరిగేది కాబట్టి. మనిషి రక్తకణాల్లో ఒక కొత్త జన్యువును చేర్చి, క్యాన్సరును వెతికి చంపడం ఆ కణాలకు నేర్పింది చీమే. మొదటి సంచి మందు తల్లి రక్తంతోనే తయారుచేసింది. సంచి గడ్డకట్టించి ట్యాంకులో పెట్టిన కొద్ది రోజులకే, ఆ ట్యాంకులున్న నేలమాళిగ గదిలో ఊపిరాడక చనిపోయింది. ప్రమాదం అన్నారు. అది జరిగి ఆర్నెల్లయింది.

"అమ్మా, మీ మంచికే చెబుతున్నాను." మందు ఎక్కించడానికి ఒప్పుకునే కాగితం, కలం పట్టుకుని మంచం పక్కన నిలబడ్డ మీసాలాయన గొంతు తగ్గించాడు. చీమ కనిపెట్టిన మందును అమ్మడానికి ప్రొఫెసర్ పెట్టిన కంపెనీలో ఆయన భద్రతాధికారి. ఒకప్పుడు పోలీసు. కనిపించిన ప్రతి మూతకీ లక్క సీలు వేసే అలవాటు ఇంకా పోలేదు. క్యాంటీనులో చక్కెర డబ్బాను కూడా వదలడని చెప్పుకుంటారు. అందుకే ఆయన లక్క సారు. "రేపు పొద్దున టీకాల కంపెనీ వాళ్ళు వస్తున్నారు. ఇదే జన్యువుతో వాళ్ళు టీకాలు కూడా చేస్తారట. మొదటి పేషెంటుకి మందు ఎక్కిందని చూపిస్తేనే వాళ్ళు ఒప్పందం చేసుకుంటారు."

"నా మంచి సరిగ్గా రేపు పొద్దునకే ఎందుకు తోసుకొచ్చింది బాబూ?"

లక్క సారు ఆ తల్లి పెట్టుకున్న డిటెక్టివ్ వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి టీచరమ్మా. పిల్లలకి పాఠాలు చెప్పిన నోరేగా."

డిటెక్టివ్ పదేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మాట నిజమే. "పాఠం వినాల్సింది ఆమె కాదు సార్. కాస్త బయట ఉండండి," అంది.

ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. గదిలో తల్లి, డిటెక్టివ్, దిండు సరిచేస్తున్న ఒక యువతి మిగిలారు. చీమతో కలిసి పనిచేసిన పిల్ల, హాస్టల్లో ఆమె గదిలోనే ఉండేది. ల్యాబులో ఆమె పేరు కబుర్లపోగు.

"పిన్నీ, నీళ్ళు తాగుతావా?"

"వద్దమ్మా. నువ్వెళ్ళు. సంచి తీయాలంటే నిన్నే కదా పిలుస్తారు."

ఆ పిల్ల వెళ్ళాక డిటెక్టివ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "డాక్టరమ్మతో మాట్లాడానమ్మా. మందులిచ్చి మీ ఒంట్లో తెల్లకణాలన్నీ తుడిచేశారట. ఇప్పుడు ఆ సంచి ఎక్కకపోతే జలుబు చేసినా మీరు తట్టుకోలేరట. ఈ షరతేదో ఆ మందులు మొదలుపెట్టకముందే పెట్టి ఉండొచ్చుగా?"

"అప్పుడు పెడితే నన్నొదిలేసి ఇంకో పేషెంటును వెతుక్కునేవాళ్ళు. ఇప్పుడు వెతకడానికి టైము లేదు. వాళ్ళకీ లేదు, నాకూ లేదు." ముసలి వేళ్ళు దుప్పటి అంచును కుట్టు సరిచూస్తున్నట్టు తడిమాయి. "గుడ్డ కత్తిరించేదాకే కొలతలు మార్చుకోవచ్చు టీచరమ్మా. నేను కత్తిరించేశాను. నా బిడ్డని చంపిన వాళ్ళ పేరు నాకు కావాలి. జైలు, కోర్టు, అవన్నీ తర్వాత మీరు చూసుకోండి."

"చంపారనే మీ నమ్మకమా?"

"అది ఒంటరిగా ఆ గదిలోకి వెళ్ళదు." తలుపు వైపు చూస్తూ అంది. "ఆ పిల్ల రోజూ వస్తుంది. కూర్చుంటుంది. వెళుతుంది. ఒకప్పుడు దాని నోరు ఆగేది కాదు. నా బిడ్డ పోయాక ఒక్క కథ చెప్పలేదు."

"బాధ కదమ్మా."

"ఊ. బాధే అయ్యుండాలి."

*

ప్రొఫెసర్ గదిలో రేపటి అతిథుల కోసం కుర్చీలు సర్దుతున్నారు. ఆయన నిలబడే మాట్లాడాడు.

"పేటెంటులోంచి చీమ పేరు ఎవరు తీశారు సార్?"

"హక్కులు కంపెనీకి రాసివ్వనంది. బట్టలు కుట్టుకునే మనిషి కూడా కొనగలిగే ధర పెడతామని రాసిస్తేనే సంతకం అని మొండికేసింది. నెలల తరబడి అంతా ఆగిపోయింది. పోయాక లాయర్లు ఎలా చెబితే అలా చేశాం."

"అంటే ఆమె పోవడం మీకు కలిసొచ్చింది."

ప్రొఫెసర్ ముఖం ఎర్రబడింది. "ఆ మధ్యాహ్నమంతా నేను ఇదే టీకాల కంపెనీ వాళ్ళతో కూర్చున్నాను. పదిమంది సాక్ష్యం చెబుతారు."

"తెలుసు. అందుకే మిమ్మల్ని చావు గురించి అడగడం లేదు. అలారం గురించి అడుగుతున్నాను. ఆ గదిలో నైట్రోజన్ ఒలికితే గాలి తరిగిపోతుంది. అది చెప్పడానికే కదా అలారం పెట్టింది? ఆ రోజు ఎందుకు మోగలేదు?"

"అది చెడిపోయి వారం నుంచి ఊరికే కూస్తోంది. తల నొప్పిగా ఉందని పిల్లలు వైరు పీకేశారు. కొత్తది తెప్పించమన్నాను."

"ఎప్పుడొచ్చింది?"

ఆయన ఒక కుర్చీని జరిపి, మళ్ళీ అక్కడే పెట్టాడు. "ఆమె పోయిన మర్నాడు."

డిటెక్టివ్ ఆ మాటను అలా వదిలేసింది. కొన్ని మాటల పక్కన ఇంకో మాట పెట్టకూడదు.

"అలారం లేకుండా వారం రోజులు లోపలికి ఎలా వెళ్ళారు సార్?"

"దానికి మా పద్ధతి మాకుంది." ఆయన గొంతులో కొంచెం గర్వం వచ్చింది. "ఒకరు లోపలికెళితే ఒకరు తెరిచిన తలుపు దగ్గర నిలబడాలి. బయటివాళ్ళు కథో కబురో చెబుతుండాలి. లోపలివాళ్ళు ఊ కొడుతుండాలి. ఊ ఆగిందంటే పరుగెత్తి బయటికి లాగేయాలి. చిన్నప్పుడు నేను నిద్రపోయానో లేదో మా నాయనమ్మ అలాగే కనిపెట్టేది. ఈ అలవాటు ల్యాబులో పెట్టింది నేనే."

"చీమకి ఎవరు కథ చెప్పేవాళ్ళు?"

"ఇంకెవరు? కబుర్లపోగు. కానీ ఆ రోజు ఆమె పక్క భవనంలో పనిలో ఉంది. చీమ ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. అదే ఆమె తప్పు."

"అంతకుముందు ఎప్పుడైనా అలా వెళ్ళిందా?"

ప్రొఫెసర్ ఇంకో కుర్చీని వరసలోకి జరిపాడు.

"ఇప్పుడు పేటెంటులో ఎవరి పేర్లున్నాయి?"

"నాది. కబుర్లపోగుది. కంపెనీలో వాటా కూడా ఇచ్చాం. పని తెలిసినవాళ్ళు ఒకరుండాలి కదా!"

"చివరి ప్రశ్న. ఆ సంచిని ఆఖరిసారి మీరు ఎప్పుడు చూశారు?"

"ఆ రోజు పొద్దున. అతిథులకి పెద్ద ట్యాంకు మూత తీసి నేనే చూపించాను. తర్వాత అందరం భోజనానికి వెళ్ళాం. వచ్చేసరికి..." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "మీరు వెతికేదేదో త్వరగా వెతకండి. ఆ ముసలావిడ మొండితనం వల్ల రేపు నా పదేళ్ళ కష్టం మట్టికొట్టుకుపోతుంది."

"మీ కష్టం," అంది డిటెక్టివ్, బయటికి నడుస్తూ. ప్రశ్నలా అనలేదు.

*

నేలమాళిగ గదికి ఒకటే తలుపు. కిటికీ లేదు. లోపల మనిషెత్తు పెద్ద ట్యాంకు, మూలన నడుము ఎత్తు చిన్న ట్యాంకు. గోడలోంచి వచ్చే గొట్టాలు రెండింటికీ నైట్రోజన్ నింపుతాయి. మూతలు తీయక్కర్లేదు. రెండు మూతల మీదా ఎర్రటి లక్క ముద్దలు.

"ఆ రోజు నా చేతుల్తో వేసిన సీలు," అన్నాడు లక్క సారు. "చచ్చిపోయిన పిల్లని బయటికి లాగాం. గాలి ఆడేలా చేశాం. లక్క పెట్టాను. కంపెనీకి కావలసిన నమూనాలు ఇంకో జత కొత్త భవనంలో ఉన్నాయి కాబట్టి ఇక్కడికి ఎవరూ రాలేదు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఈగ కూడా ఈ మూతలు ఎత్తలేదు."

"లక్క ఎవరైనా పగలగొట్టి మళ్ళీ పెట్టొచ్చుగా?"

"నా ముద్ర నాకు తెలీదా టీచరమ్మా? ఇదిగో, ఈ అంచు దగ్గర నా ఉంగరం నొక్కు. ఇది ఎవడూ దించలేడు. కావాలంటే కోర్టులో చెబుతాను."

"చెప్పాల్సి రావచ్చు. సీలు వేసేముందు మూత తీసి లోపల చూశారా?"

"ఎందుకు చూస్తాను? కార్డులున్నాయిగా."

కార్డులు ఉన్నాయి. పెద్ద ట్యాంకు మీది కార్డులో, రెండో అర దగ్గర గుండ్రటి చేతిరాతతో 'అమ్మ' అని ఉంది. చిన్న ట్యాంకు కార్డు మీద 'ఖాళీ' అని ఉంది. డిటెక్టివ్ పెద్ద ట్యాంకు చుట్టూ తిరిగి మెడ దగ్గర ఆగింది. అక్కడ లోహం మీద తెల్లగా మంచు కట్టి ఉంది. చిన్న ట్యాంకు మెడ పొడిగా ఉంది.

"ఇదేమిటి?"

"పాత సామాను. చలి బయటికి కారుతున్నట్టుంది," అన్నాడాయన తేలిగ్గా. "ఇంతకీ ప్రమాదాన్ని హత్య చేద్దామని ఎందుకండీ ఈ తాపత్రయం? ఆ తల్లి ఏదో ఒక పేరు అడుగుతోంది. ఎవరి పేరైనా చెప్పేయండి. సంతకం పెట్టేస్తుంది. బతికిపోతుంది."

"మీ పేరు చెప్పనా?"

ఆయన మీసాలు అదిరాయి. అంతలో కబుర్లపోగు వచ్చింది. చేతికి మందపాటి తొడుగులు, ముఖానికి అద్దం, ఒక చేతిలో సంచి తీసుకెళ్ళే చలి డబ్బా. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆమె చూపు గడప మీద పడి, వెంటనే పక్కకు జరిగింది.

"నేను ఇక్కడ నిలబడి కథ చెప్పనా? మీరు ఊ కొడుదురుగాని," అంది డిటెక్టివ్.

"అక్కర్లేదండీ. ఇప్పుడు కొత్త అలారం ఉందిగా."

"అయితే అమ్మగారి సంచి తీయండి."

లక్క సారు కత్తి తీసి పెద్ద ట్యాంకు మూత మీద పెట్టాడు. కబుర్లపోగు ఆయన పక్కనుంచి నడిచి మూలకు వెళ్ళింది. చలి డబ్బాను నేల మీద పెట్టి, చిన్న ట్యాంకు మూత మీద చెయ్యి వేసింది.

"ఇది కోయండి సార్."

"కార్డు ఇక్కడుంది కదమ్మా!"

ఆమె చెయ్యి మూత మీద అలాగే ఉండిపోయింది.

"రెండూ... రెండూ చూడాలి కదా. ఇది చిన్నది, ముందు చూసేద్దామని."

"ముందు అదే కోయండి సార్," అంది డిటెక్టివ్.

లక్క విరిగింది. మూత లేవగానే తెల్లటి ఆవిరి అంచుల మీంచి నేలకు జారింది. ఆ ఆవిరి అడుగున, 'ఖాళీ' అని రాసిన ట్యాంకులో, ఒకే ఒక సంచి. కబుర్లపోగు దాన్ని చలి డబ్బాలోకి మార్చి, ఎవరి ముఖమూ చూడకుండా మెట్ల వైపు నడిచింది. డిటెక్టివ్ పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"దొరికింది. ఇంకేం?" లక్క సారు కత్తి మడిచాడు.

"ఆ సంచి చిన్న ట్యాంకులో ఉందని ఎవరికి తెలుసు సార్?"

"పెట్టినవాళ్ళకి."

"ఆ రోజు పొద్దున అది పెద్ద ట్యాంకులో ఉంది. ప్రొఫెసర్ అతిథులకి చూపించారు. సాయంత్రానికి మీరు సీలు వేశారు. మధ్యలో ఈ గదిలోకి వచ్చింది చీమ ఒక్కతే. పెద్ద ట్యాంకు మెడ దగ్గర మంచు చూసి, అమ్మ సంచి పాడవుతుందని చిన్నదానిలోకి మార్చింది. ఆ చిన్నదాన్ని నింపుతున్నప్పుడే నైట్రోజన్ ఒలికింది. కార్డు మార్చడానికి కూడా ఆమె బయటికి రాలేదు. ఇంక ఎవరికి చెప్పి ఉంటుంది?"

"ఎవరికీ..." అని ఆగాడాయన. నోరు తెరిచే ఉంది.

"సంచి మారుస్తుంటే చూసినవాళ్ళో, విన్నవాళ్ళో తలుపు దగ్గర ఉండాలి. పక్క భవనంలో ఉన్న మనిషికి తెలిసే దారి లేదు. తర్వాత మూత తీసి తెలుసుకుందామంటే మీరు ఈగను కూడా రానివ్వలేదు. ఆర్నెల్లు ప్రమాదమన్నారు కానీ, లక్క మాత్రం గట్టిగా పెట్టారు సార్."

"పొగుడుతున్నారా, తిడుతున్నారా?"

"రెండూ. పదండి పైకి."

"ఆగండాగండి. ఆ పిల్ల చేతికే సంచి ఇచ్చి పంపారేమిటండీ!"

"ఆ సంచిని ఆమె కళ్ళకద్దుకుని తీసుకెళుతుంది. అది ఎక్కకపోతే రేపు ఒప్పందం లేదు, ఆమె వాటా లేదు. అమ్మగారు బతకాలని ఇవాళ అందరికన్నా ఎక్కువ కోరుకుంటున్నది ఆ పిల్లే."

ఆ మూతకి ఆయన మళ్ళీ లక్క వేశాకే ఇద్దరూ బయల్దేరారు. మెట్ల మీద నర్సు ఎదురొచ్చింది. "మేడమ్, ఆవిడ సంతకం పెట్టేశారు! సంచి కరగగానే ఎక్కించమన్నారు. కబుర్లపోగు పక్కనే ఉండాలట, అదొక్కటే అడిగారు."

డిటెక్టివ్ కాలు మెట్టు మీద ఆగిపోయింది. "పేరు వినకుండానే?"

తర్వాత ఆమె రెండేసి మెట్లు ఎక్కింది.

*

గది తలుపు తెరిచే ఉంది. గోరువెచ్చటి నీళ్ళలో కరిగించిన సంచి అప్పటికే మంచం పక్కన వేలాడుతోంది. గొట్టం తల్లి చేతిలోకి వెళ్ళింది. ఆ గొట్టం మీది చిన్న చక్రాన్ని తిప్పితే మందు దిగుతుంది. ఆ చక్రం మీద తల్లి బొటనవేలు ఉంది. ముప్పై ఏళ్ళు కత్తెర పట్టిన వేలు. డాక్టరమ్మ పక్కన నిలబడి బతిమాలుతోంది.

"ఒక్క నిమిషమమ్మా. భయంగా ఉంది. ఇది కథ చెబితే వదులుతాను." తల్లి కబుర్లపోగు వైపు చూసింది. "చెప్పవే. నా బిడ్డకి చెప్పేదానివిగా."

గడప దగ్గర డిటెక్టివ్ చెయ్యి అడ్డం పెట్టి లక్క సారును ఆపింది.

"ఇప్పుడా పిన్నీ?"

"ఇప్పుడే."

కబుర్లపోగు సంచి వైపు ఒకసారి చూసి గొంతు సవరించుకుంది. "ఒక ఊళ్ళో ఒక దొంగ ఉన్నాడు."

"ఊ."

"వాడికి నిద్రలో మాట్లాడే జబ్బు."

"ఊ."

"ఎవరింట్లో ఏం కాజేశాడో అన్నీ నిద్రలో చెప్పేసేవాడు. అందుకని వాడు అసలు నిద్రపోవడమే మానేశాడు. రాత్రంతా ఊరి చుట్టూ తిరిగేవాడు..."

ఊ రాలేదు. తల్లి కళ్ళు మూసి ఉన్నాయి.

"తిరుగుతుంటే... పిన్నీ? పిన్నీ, ఊ అనవేం? పిన్నీ!" ఆమె మంచం మీదికి వంగి భుజం పట్టుకుని కుదిపింది.

తల్లి కళ్ళు తెరిచింది. "బతికే ఉన్నానులే. ఊ ఆగగానే ప్రాణం పోయినంత పనైందే నీకు! అంత కంగారు ఆ రోజు ఎటు పోయిందే?"

కబుర్లపోగు నిటారుగా లేచింది. తలుపు దగ్గర డిటెక్టివ్‌నీ, ఆమె వెనక లక్క సారునీ చూసింది.

"చిన్న ట్యాంకు," అంది డిటెక్టివ్. అంతే అంది.

"పిలిచాను," అంది ఆ పిల్ల. "మూడుసార్లు పిలిచాను పిన్నీ. ఒట్టు."

"తర్వాత?"

"తర్వాత... చీమ లేకపోతే ఆగిపోయిన పనులన్నీ సర్దుకుంటాయి కదా అనిపించింది. ఒక్క నిమిషం అనిపించింది. ఆ నిమిషంలో తలుపు మూసేశాను. మళ్ళీ తెరవడానికి చెయ్యి రాలేదు."

లక్క సారు తల వంచుకుని లోపలికి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

"బిడ్డని పోగొట్టుకున్న నేనే మిషను తొక్కడం మానలేదు," అంది తల్లి ఆమె వెనక నుంచి. "నువ్వు కథలెందుకు మానావా అని ఆర్నెల్లు ఆలోచించాను. అనుమానమే, రుజువు లేదు. అందుకే టీచరమ్మని పెట్టుకున్నా. కానీ ముందు నీ నోటితోనే వినాలనిపించింది."

వాళ్ళు వెళ్ళిపోయారు. డాక్టరమ్మ గడియారం చూసుకుంది. "అమ్మా, ఇక చక్రం వదలండి. కరిగిన కణాలు అరగంట మించి బతకవు. ఇప్పటికే సగం టైము పోయింది."

"పెద్దసారుని, ఆ ప్రొఫెసర్ని పిలవండి."

"అమ్మా!"

"పేరు అడిగాను. విన్నాను. ఇంకో పేరుంది. నా బిడ్డది. దాన్ని కొట్టేసిన మనిషి ఈ మందు ఎవరిదో నోటితో చెప్పాలి. రేపు వచ్చేవాళ్ళకీ అదే చెబుతానని అనాలి. అప్పటిదాకా ఇది తిరగదు."

"మీ ప్రాణం పోతుందమ్మా," అంది డిటెక్టివ్.

"పోనీ. మొదటి పేషెంటు మంచం మీదే పోయిందని లోకానికంతా తెలుస్తుంది. వాళ్ళ బేరం నాతోపాటే పోతుంది." మాస్కు వెనక నవ్వో దగ్గో వినిపించింది. "బతికితే దాని పేరుతో బతుకుతాను. లేదంటే వాళ్ళ పరువు తీసుకుని పోతాను. నాకు రెండూ సమ్మతమే."

సంచిలో కణాలు మెల్లగా అడుగుకు దిగుతున్నాయి. తల్లి నాడి కూడా పడిపోతోందని డాక్టరమ్మ సైగ చేసింది. డిటెక్టివ్ గడప దాకా వెనక్కి నడిచి ప్రొఫెసర్‌కి ఫోను కలిపింది. "సార్, సంచి కరిగింది. ఆవిడ ఎక్కించుకోనంటోంది. చీమ పేరు చెప్పండి. ఈ మందు ఆమెదని ఒక్క మాట అనండి. ఆవిడ వింటోంది." ఫోను గొంతు గది అంతా వినిపించేలా పెట్టింది.

"నమస్కారమమ్మా," అంది ప్రొఫెసర్ గొంతు. వెనక కుర్చీలు జరుగుతున్న చప్పుడు. "మీ బాధ నాకు అర్థమవుతుంది."

"ఊ."

"కానీ పేటెంటు అనేది ఒకరి పేరుతో తేలేది కాదు. ఇందులో చట్టం ఉంటుంది, యూనివర్సిటీ ఉంటుంది, పెట్టుబడి పెట్టినవాళ్ళు ఉంటారు."

"ఊ."

"మీ అమ్మాయి తెలివైందే. కాదనను. అయితే ఒక ల్యాబులో పుట్టిన ఆలోచన అందరిదీ..."

"ఊ." ఈసారి బాగా సన్నగా వచ్చింది.

"సార్, పేరు!" అని అరిచింది డిటెక్టివ్. "ముందు పేరు చెప్పండి!"

"చెబుతాను, దానికొక పద్ధతి ఉంది. లాయర్లతో మాట్లాడి, సరైన సమయం చూసుకుని..."

ఊ రాలేదు.

ప్రొఫెసర్ ఇంకా చెబుతూనే ఉన్నాడు. తల్లి తల దిండు మీద ఒక పక్కకు ఒరిగింది. బొటనవేలు మాత్రం చక్రాన్ని వదల్లేదు.

డిటెక్టివ్ ఫోను వదిలేసి లోపలికి పరుగెత్తింది. ఈసారి తలుపు తెరిచే ఉంది.